సమాధానం: మే ఫ్లవర్ గడ్డకు ఆకులే వస్తున్నయి, పువ్వు వస్తలేదు

అక్కా, రెండేండ్ల సంది ఆకులే ఏస్తుంది, చలికాలంల ఆకులు పసుపైతే రోజూ నీళ్లు పోసి కాపాడిన అన్నరు కదా, గదే తప్పయింది. దీని అసలు పేరు స్కాడాక్సస్ మల్టీఫ్లోరస్, ఫుట్‌బాల్ లిల్లీ అంటరు గాని లిల్లీ కాదు, అమరిల్లిస్ కుటుంబం. ఆఫ్రికా మొక్క, వానల్లేని చలికాలమస్తే మట్టిల పండుకునే అలవాటు దానిది, మీరేమో పండుకోనిస్తలేరు.

నవంబర్ల నీళ్లు తగ్గించి, ఆకులు వాటంతటవే ఎండినంక పూర్తిగ బంద్ చేయున్రి, పచ్చగున్న ఆకు మాత్రం కోయొద్దు, గడ్డ తిండి అందులనే ఉంటది. కుండీ నీడకు జరిపి మర్చిపోన్రి. ఏప్రిల్ ఆఖర్ల ఒకసారి బాగ తడిపితే చాలు, మన హన్మకొండ ఎండకు మొలక అదే లేస్తది. ఏటా కుండీ మార్చుడు కూడ బంద్ వెట్టున్రి, వేర్లు కదిలితే అలుగుతది. గడ్డ మెడ మట్టి పైకి కనవడాలె.

గడ్డ విషం, పిల్లలుంటే జర పైలం. నేనైతే కుండీని గోడ మీద వెడ్త.