రుద్దితే పోయిన అలలు మళ్ళీ తేవచ్చు

తుప్పు వదలగొడదామని ఉప్పుకాగితం పెడితే డమాస్కస్ కత్తి మీది అలల్లాంటి గీతలు మాయమయ్యాయన్నారు. కంగారు పడకండి, అది పైపూత కాదు. మీరు చెప్పిన 1095, 15ఎన్20 అనే రెండు రకాల ఉక్కుల పొరల్ని కొలిమిలో కాచి, సమ్మెటతో అతికించినది. గీత లోపలిదాకా ఉంటుంది.

600 నంబరు కాగితం దాకా రుద్ది, అసిటోన్‌తో జిడ్డు తుడవండి. ప్లాస్టిక్ డబ్బాలో 3 వంతుల నీళ్ళకు 1 వంతు ఫెర్రిక్ క్లోరైడ్ (ఉక్కును కొరికే రసాయనం) ద్రావణం కలిపి 10 నిమిషాలు ముంచండి, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. 1095 నల్లబడుతుంది, 2 శాతం నికెల్ ఉన్న 15ఎన్20 మెరుస్తూనే ఉంటుంది. వంటసోడా నీళ్ళతో కడిగి నూనె రాయండి. ఇంకా నలుపు కావాలంటే నూనె రాసేముందు చిక్కటి ఇన్‌స్టంట్ కాఫీలో రాత్రంతా ఉంచండి. నవ్వకండి, పనిచేస్తుంది!

నీలం రంగు కోసం మంట మాత్రం పెట్టొద్దు. 300 డిగ్రీల దగ్గర నీలం వస్తుంది, కానీ అంచు మెత్తబడి పదును నిలవదు.