పదహారుసార్లు పడిన మనిషి గురించి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం మంగళవారం అందింది. మొదటిసారి మామూలు పాఠకుడిలా చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. జపాను కిక్‌బాక్సర్ తదాషి సవామురా గురించి ఎవరైనా తెలుగులో రాస్తారని నేను అనుకోలేదు. అందుకే కాస్త ఎక్కువ ఆశపడ్డాను, కాస్త ఎక్కువ కోప్పడతాను కూడా. ఓర్చుకో.

ముందుగా నీ మొదటి వాక్యం. ‘పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడు’ అని మొదలుపెట్టావు. సామెత మంచిదే, కానీ అతను ఇంకా పడనే లేదు. మనిషిని రంగం మీదికి తేకుండానే తీర్పు చెప్పేస్తే మిగిలిన ఆరు పేజీలూ పాఠకుడు ఎందుకు చదవాలి?

ఇక ఆ పడడం ఎక్కడుందా అని వెతికాను. మూడో పేజీలో దొరికింది. ‘రెండో పోటీలో పదహారుసార్లు కిందపడి ఓడిపోయినప్పటికీ, పట్టుదలతో మళ్లీ సాధన చేసి’ అని రాసి ముందుకు వెళ్లిపోయావు. ‘ఓడిపోయినప్పటికీ’ అనే ఒక్క మాటలో పదహారు పాట్లు పడతాయా? నీ వ్యాసానికి గుండెకాయ అదే. దాన్ని తీసుకెళ్లి కామాకు ముందు దాచావు.

నాకు దాని సంగతి తేలక ఒక పని చేశాను. గది తలుపు వేసుకుని, నేల మీద వెల్లకిలా పడుకుని లేచి చూశాను. మూడోసారికి లేవడానికి చేతి ఆసరా కావలసివచ్చింది. ఆరోసారికి ముందు ఒక పక్కకు తిరగాలని తెలిసింది. ఏడోసారికి మా ఆవిడ తలుపు కొట్టి, ‘ఏమిటా చప్పుడు, పడిపోయారా?’ అని అడిగింది. నన్ను ఎవరూ కొట్టలేదని గుర్తుంచుకో. నువ్వూ ఒకసారి చేసి చూడు. పదో పాటుకు నీ చూపు ఎక్కడ ఉంటుందో, ఊపిరి ఎక్కడ ఆగుతుందో కాగితం మీద రాసిపెట్టుకో. ఆ కాగితం వ్యాసంలోకి రానక్కర్లేదు. అది నీ దగ్గర ఉంటే ‘పట్టుదల’ అన్న మాట దానంతట అదే రాలిపోతుంది.

అతను అన్నిసార్లు ఎందుకు పడ్డాడన్నది కూడా నువ్వు చెప్పలేదు. అతను కరాటే నుంచి వచ్చినవాడు. ఆనాటి విద్యార్థుల కరాటే పోటీల్లో దెబ్బ ఎదుటివాడి ఒంటికి తగలబోయే క్షణంలో ఆపాలి. ఆపగలగడమే నేర్పు. 1966 ఏప్రిల్ 11న ఒసాకాలో, ఒసాము నొగుచి అనే నిర్వాహకుడు ‘కిక్‌బాక్సింగ్’ అని తానే పేరు పెట్టిన కొత్త ఆటను జనం ముందుకు తెచ్చాడు. ఆ మొదటి రోజు సవామురా గెలిచాడు. ఆ ఏడాదే రెండో పోటీలో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన సమర్న్ సోర్ అదిసోర్న్ ఎదురయ్యాడు. అతనిది మువాయ్ థాయ్, థాయ్‌లాండ్ పోరాట విద్య. ఆ విద్యవాళ్లు దెబ్బను ఆపరు. మోకాలి కింది ఎముకతో తొడ మీద కొడతారు, మెడ పట్టుకుని కిందికి వంచి మోకాలితో పొడుస్తారు, దగ్గరైతే మోచేయి వాడతారు. అంటే దెబ్బ ఆపడం నేర్చుకున్న ఒళ్లు ఆపని ఒంటికి ఎదురుపడింది. నాలుగో రౌండుకు అంతా అయిపోయింది. ఇదీ కారణం. ఇది చెబితే పాఠకుడికి జాలి వేయదు, విషయం అర్థమవుతుంది. నాకు జాలికంటే అర్థం కావడమే ఇష్టం. ఇంకొక ప్రశ్న కూడా నీకు రావలసింది: పదిసార్లు పడినప్పుడైనా రిఫరీ ఎందుకు ఆపలేదు?

ఇప్పుడు లెక్కల దగ్గరకు వద్దాం. 241 పోటీలు, 232 గెలుపులు, వాటిలో 228 నాకౌట్లు, 5 ఓటములు, 4 సమానం. ఈ అంకెలు నువ్వు గుడిలో అష్టోత్తరం చదివినట్లు చదివావు. కాస్త ఆగి భాగహారం చేయి. 1966లో మొదలుపెట్టి 1977లో రింగు వదిలాడు. పదకొండేళ్లలో 241 అంటే సగటున పదిహేడు రోజులకొక పోటీ. ఎముక మీద ఎముక తగిలే ఆటలో పదిహేడు రోజుల్లో ఏ గాయం మానుతుంది? పైగా గెలిచిన ప్రతి వందలో తొంభై ఎనిమిది నాకౌట్లు. ఆ పోటీల్లో కొన్ని ముందే కుదుర్చుకున్నవన్న అనుమానం జపానులో చాలాకాలంగా ఉంది. టీబీఎస్ టెలివిజన్‌కు వారంవారం కార్యక్రమం కావాలి, కార్యక్రమానికి వీరుడు కావాలి, వీరుడు చివర్లో ఎగిరి మోకాలితో కొట్టాలి. ఇది నీకు తెలిసే ఉంటుంది, రాస్తే మనిషి చిన్నబోతాడని వదిలేశావనుకుంటాను.

చిన్నబోడమ్మా. అంకెల మీద అనుమానాన్ని అంకెల పక్కనే పెట్టు. ఆ పదహారు పాట్లను మాత్రం ఎవరూ అనుమానించరు, ఎందుకంటే అంత చెడ్డగా ఓడిపోవాలని ఎవరూ కుదుర్చుకోరు. అందుకే 228 కంటే పదహారు గట్టి అంకె. అతని జీవితమంతా ఆ గట్టి అంకె మీద కట్టుకుంటూ రా. 1973లో జపాను ప్రొఫెషనల్ క్రీడల మహా పురస్కారం అతనికి దక్కింది. ఆ ఏడాదే బేస్‌బాల్ దిగ్గజం సదహారు ఓ తన లీగులో బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, రాబట్టిన పరుగులు మూడింటిలోనూ మొదటి స్థానంలో నిలిచి త్రిముకుటం సాధించాడు. అయినా బహుమతి కిక్‌బాక్సర్‌కే ఇచ్చారు. టెలివిజన్ బలం ఎంతటిదో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. దీన్ని నువ్వు ‘అనేక సత్కారాలు’ అన్న మూటలో కట్టేశావు. విప్పు.

మాటల గురించి రెండు ముక్కలు. అతని మీద వచ్చిన బొమ్మల కథకు, టెలివిజన్ కార్టూన్‌కు ‘కిక్కు నో ఓని’ అని పేరు. దాన్ని ‘కిక్‌బాక్సింగ్ దెయ్యం’ అన్నావు. దెయ్యం కాదు. ‘ఓని’ అంటే కొమ్ములు, కోరలు ఉండే రాక్షసుడు. అంతేకాదు, ఒక పనిలో పడి మరేమీ పట్టనివాడిని కూడా జపానీయులు ఆ మాటతోనే పిలుస్తారు. మనకు పనిరాక్షసుడు లేడా? అచ్చం వాడే. చేతిలో ఉన్న మాట వదిలి నిఘంటువులోకి పరిగెత్తడం నీ వయసులో నేనూ చేసిన తప్పే.

రెండోది, అతని పేరుమోసిన దెబ్బ. ‘షింకూ తోబి హిజాగెరి’ని ‘వాక్యూమ్ ఫ్లయింగ్ నీ కిక్’ అని తెలుగు లిపిలో రాసి ఊరుకున్నావు. ‘శూన్యంలో ఎగిరే మోకాలి దెబ్బ’ అంటే ఎవరికైనా కంటికి కనిపిస్తుంది. ఇక్కడొక తమాషా ఉంది. ‘షింకూ’లోని ‘కూ’ అక్షరాన్నే జపాను బౌద్ధులు శూన్యతకు వాడతారు. నాగార్జునుడి తత్త్వం సముద్రాలు దాటి ఒకడి మోకాలి దాకా వెళ్లిందన్నమాట. దీన్ని నీ వ్యాసంలో పెట్టవద్దు. ఉత్తరంలో రాసుకుని నవ్వుకోవడానికి బాగుంటుంది, అంతే.

సవామురా అన్నది అతని అసలు పేరు కాదని ఒక వాక్యంలో చెప్పావు, సంతోషం. దానితో పని చేయించుకోలేదు. 1943 జనవరిలో అప్పటి జపాను ఏలుబడిలోని మంచూరియాలో పుట్టినవాడు హిదేకి షిరాహా. రింగులోకి దిగినవాడు తదాషి సవామురా. నేనైతే తాళ్ల మధ్య ఉన్నంతసేపూ సవామురా అంటాను, తాళ్లు దాటి బయటికి రాగానే షిరాహా అంటాను. ఏ వివరణా ఇవ్వను. పాఠకుడు రెండో పేజీకల్లా పట్టుకుంటాడు.

ఎందుకంటే 1977 తర్వాత ఉన్నదంతా షిరాహానే. ఆ భాగానికి నువ్వు నాలుగు పంక్తులు ఇచ్చావు. నాకు అక్కడ రెండు పేజీలు కావాలి. దేశంలో పిల్లలంతా గుర్తుపట్టే మనిషి జనం కంటికి కనబడకుండా పోయాడు. చనిపోయాడని పుకార్లు పుట్టాయి, మతి చలించిందన్నారు. అతనేమో కార్లు బాగుచేసే పనిలో ఉన్నాడు. మనుషుల్ని పడగొట్టిన మోకాళ్లను కారు పక్కన నేల మీద ఆనించి చూసే షిరాహాను నువ్వు ఊహించుకో. కానీ ఊహించినది ఊహ అని తెలిసేటట్లు రాయి. 2021 మార్చి 26న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో వెళ్లిపోయాడు, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో.

పుకార్ల దగ్గర జాగ్రత్త. ముప్పై ఏళ్ల కిందట నేను ఒక పాత రంగస్థల నటుడి మీద వ్యాసం రాస్తూ, ఎవరో చెప్పిన మాట నమ్మి ‘దివంగత’ అని చేర్చాను. పదిరోజులకు ఆయన దగ్గర నుంచే కార్డు వచ్చింది: ‘నేను ఇంకా సంచి పట్టుకుని కూరగాయలకు వెళ్తూనే ఉన్నాను. బజారులో అందరూ నన్ను వింతగా చూస్తున్నారు.’ ఆ కార్డు నా బల్ల సొరుగులో ఇప్పటికీ ఉంది.

చివరి పేజీలో తొషియో ఫుజివారా, మసాతో, టెన్షిన్ నసుకావా, టకేరు, ఇలా జపాను కిక్‌బాక్సర్లందరినీ వరసగా నిలబెట్టావు. తీసేయి. ఫుజివారా ఒక్కడే వేరే వ్యాసానికి సరిపోతాడు. 1978 మార్చిలో థాయ్‌లాండ్ రాజదమ్నెర్న్ స్టేడియం మువాయ్ థాయ్ పట్టం గెలిచిన తొలి విదేశీయుడు అతను. ఆ పదహారు పాట్లకు జపానుకు దొరికిన అసలైన జవాబు అతనేనని నా అభిప్రాయం. 2022 జూన్‌లో టోక్యో డోమ్‌లో యాభై ఆరు వేలమంది ముందు టెన్షిన్, టకేరు తలపడిన రాత్రి కూడా గొప్పదే. కానీ వాళ్లంతా ఇక్కడికి పెళ్లి చివర ఫొటో కోసం వచ్చిన చుట్టాల్లా ఉన్నారు.

వచ్చే నెల పదో తేదీలోగా మళ్లీ రాసి పంపు. సమర్న్‌కు కనీసం ఒక పేరా ఇవ్వు, నీ ఆరు పేజీల్లో అతనికి పేరు తప్ప ఏమీ లేదు. ఉత్తరం చదివి వినిపిస్తే మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది. దాన్ని నీకే పంపుతున్నాను: పదహారుసార్లు పడగొట్టినవాడు, పదిహేడోసారి కూడా ఇతను లేస్తాడేమోనని భయపడ్డాడా?