పాప మీద ప్రేముంది, విసుగంతా రోజు మీదే

ప్రశ్న: మా పాపకి రెండేళ్ళ నాలుగు నెలలు. నా భార్య ఉద్యోగం చేస్తుంది, నేను మానేసి పాపని చూసుకుంటున్నాను. ఇద్దరం అనుకునే తీసుకున్న నిర్ణయం, ఎవరి బలవంతం లేదు. పాపంటే నాకు ప్రాణం. కానీ నిజం చెప్పాలంటే రోజంతా తనతో ఉండటం విసుగ్గా ఉంటోంది. చెప్పులు వేస్తే ఏడుపు, వెయ్యకపోతే ఏడుపు. మొన్న లిఫ్ట్ బటన్ నేను నొక్కేశానని నేల మీద పడి దొర్లింది. తిండి ఫోన్ పెడితేనే తింటుంది. మధ్యాహ్నం పడుకోవడం మానేసింది. వాళ్ళమ్మ ఎనిమిదింటికి వస్తే ఇంక నన్ను చూడదు, 'నాన్న వద్దు, అమ్మ కావాలి' అంటుంది, ఇద్దరూ నవ్వుకుంటూ ఆడుకుంటారు, పదకొండుకి గానీ పడుకోదు, మళ్ళీ ఆరున్నరకి లేచిపోతుంది. పోయిన వారం కోపం ఆపుకోలేక చేతి మీద ఒకటి వేశాను. అది పడుకున్నాక దాని మొహం చూస్తూ కూర్చుండిపోయాను. నాకు తల్లి మనసు లేదేమో అనిపిస్తోంది. మళ్ళీ ఉద్యోగంలో చేరిపోవడమే మంచిదా?

జవాబు: తమ్ముడూ అనేస్తున్నా, ఏమీ అనుకోకండి. తల్లి మనసు లేదేమో అన్నారు చూడండి, ఆ అనుమానం ముందు తీసి పక్కన పెట్టండి. ఇదే ఉత్తరం నాకు తల్లులు ఎంతమంది రాస్తారో మీకు తెలీదు, విషయం అంతా ఇదే, కాకపోతే చివర్లో 'నేను మంచి తల్లిని కాదేమో' అని ఉంటుంది. చిన్నపిల్లతో పొద్దుట్నుంచి రాత్రిదాకా ఒంటరిగా ఉంటే ఎవరికైనా విసుగొస్తుంది, అది ఆడా మగా చూసి రాదు. బ్రిటన్‌లో డొనాల్డ్ వినికాట్ అని ఒక పిల్లల డాక్టరు ఉండేవాడు, సైకోఅనలిస్టు కూడా. తల్లికి తన పసిబిడ్డ మీద కోపం, ద్వేషం కూడా ఎందుకు వస్తాయో 1949లోనే ఒక పెద్ద లిస్టు రాశాడాయన. బిడ్డ తనని జీతం లేని పనిమనిషిలా చూస్తాడు అనేది అందులో ఒకటి. తల్లుల్ని తప్పుపట్టడానికి రాయలేదు, లోపల ఇంత కోపం ఉండి కూడా బిడ్డ మీద పగ తీర్చుకోకుండా పెంచుతున్నారే అని ఆశ్చర్యపోతూ రాశాడు. డెబ్భై ఏళ్ళు దాటింది, మనం ఇంకా ఈ మాట పైకి చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నాం.

మీకు పాప మీద ప్రేముంది, అది మీ ఉత్తరంలో ప్రతి లైన్లో కనిపిస్తోంది. మీకు నచ్చనిది మీ రోజు. ఈ రెండూ వేరు వేరు, మీరు కలిపేసుకుని కుమిలిపోతున్నారు. రోజు నచ్చకపోతే రోజుని మార్చుకోవచ్చు, దానికి పాప మారక్కర్లేదు, మీ మనసూ మారక్కర్లేదు.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే మీరు ఎక్కడో మధ్యలో మామూలుగా రాసేసి వెళ్ళిపోయిన విషయమే నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించింది. పదకొండుకి పడుకుని ఆరున్నరకి లేస్తే ఏడున్నర గంటలు. మధ్యాహ్నం నిద్ర లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ వయసు పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు కావాలి. పిల్లపిల్లకీ కొంచెం తేడా ఉంటుంది నిజమే, కానీ మీ పాపకి తక్కువలో తక్కువ వేసుకున్నా రోజూ మూడున్నర గంటలు లోటు పడుతోంది. అంత నిద్ర తక్కువైతే మీరూ నేనూ కూడా లిఫ్ట్ బటన్ కోసం నేల మీద దొర్లుతాం. పైగా చిన్నపిల్లలకి నిద్ర చాలకపోతే పెద్దవాళ్ళలా డీలా పడిపోరు, ఇంకా ఎగురుతారు, గంతులేస్తారు, దాంతో మనం 'దీనికి నిద్రే రావట్లేదు' అనుకుంటాం. రాత్రి పదకొండు దాకా నవ్వుతూ ఆడుతోంది అన్నారే, అందులో కొంత వాళ్ళమ్మ మీద ప్రేమ, కొంత ఆ అలసటే.

కాబట్టి మొదటి పని పడుకునే టైము. ఒక్కసారిగా తొమ్మిదికి పడుకోబెడితే పడుకోదు, రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకి జరపండి. ఎనిమిదింటికి వాళ్ళమ్మ రాగానే పరుగులు, గెంతులు, చక్కిలిగింతలు కాకుండా నెమ్మదిగా ఉండే పనులన్నీ ఆవిడకే ఇచ్చెయ్యండి, స్నానం, బట్టలు మార్చడం, బొమ్మల పుస్తకం, లైటు ఆపడం, రోజూ అదే వరసలో. ఆవిడకి ఇది కష్టంగా ఉంటుంది, ఆ రెండు మూడు గంటలే కదా తనకి దొరికేది, అది తగ్గించమంటే మీ మీద కోపం కూడా రావచ్చు. కానీ రాత్రి పోయిన గంట పొద్దున తీసుకోవచ్చు, పాప లేవగానే మొదటి గంట వాళ్ళమ్మది, ఆ గంట మీరు పడుకోండి. మధ్యాహ్నం కూడా నిద్రొచ్చినా రాకపోయినా రోజూ ఒకే టైముకి గదిలో కర్టెన్లు వేసి పక్కన పడుకోండి, ఈ వయసులో చాలామందికి పగటి నిద్ర ఇంకా అవసరమే, మానేసినట్టు కనిపించినవాళ్ళు కూడా మళ్ళీ మొదలుపెడతారు.

ఇక ఏడుపుల సంగతి. పాప మిమ్మల్ని సతాయించాలని చెయ్యట్లేదు. ఏడాదిన్నర దాటాక పిల్లలు అద్దంలో ఉన్నది తామేనని గుర్తుపట్టడం మొదలుపెడతారు, అంటే 'నేను' అనేది ఒకటుందని తెలుస్తుంది, తెలిసిన దగ్గర్నుంచి అన్నీ నేనే చెయ్యాలి అనే పంతం వస్తుంది. అర్థమయ్యేది చాలా ఉంటుంది, చెప్పడానికి మాటలు కొన్నే. కోపాన్ని అదుపు చేసే మెదడు భాగం, నుదురు వెనకాల ఉండేది, పూర్తిగా తయారవ్వడానికి ఇరవై అయిదేళ్ళ దాకా పడుతుంది. మీకే ఒక్కోసారి అది పనిచెయ్యట్లేదని మీరే రాశారు, దానికెలా పనిచేస్తుంది చెప్పండి.

అందుకని ఏడుపు మధ్యలో పాఠాలు చెప్పకండి, ఒక్క ముక్క కూడా చెవికెక్కదు. పక్కనే కూర్చోండి, తగిలేవి ఏమైనా ఉంటే తీసెయ్యండి, 'బటన్ నువ్వే నొక్కాలనుకున్నావు, కోపమొచ్చింది' అని ఒకసారి అనండి, అంతే. వద్దని చెప్పింది ఏడుపుకి లొంగి ఇవ్వకండి, అలాగని దాన్ని వదిలేసి వెళ్ళిపోనూ వద్దు. తగ్గాక ఎత్తుకోండి. కానీ అసలు పనంతా ఏడుపు రాకముందు ఉంటుంది. 'స్నానం చేద్దామా?' అని అడుగుతాం మనం, అలవాటు కొద్దీ, అది ప్రశ్నలా వినిపిస్తే జవాబు 'వద్దు' అనే వస్తుంది, తర్వాత ఎలాగూ లాక్కెళ్ళి చేయిస్తాం, మరి అడగడం ఎందుకు? 'ఇప్పుడు స్నానం, ఏ బొమ్మ తెచ్చుకుంటావు?' అనండి. చెప్పులైతే ఏ కాలికి ముందు వెయ్యాలో తనని చెప్పమనండి. ఆట ఆపాల్సి వస్తే ఇంకో రెండుసార్లు జారి ఇంటికి వెళ్ళిపోదాం అని ముందే చెప్పండి, నిమిషాల్లో చెప్పకండి, దానికి నిమిషాలు తెలీవు. లిఫ్ట్ బటన్ మాత్రం దానికే వదిలెయ్యండి, ఎవరి సొమ్ము పోయింది.

కొట్టిన విషయం మీరే దాచకుండా రాశారు కాబట్టి నేనూ సూటిగానే చెప్తాను. ఒక దెబ్బకి పాప జీవితం పాడైపోదు. కానీ రెండోసారి పడకూడదు. కొడితే ఆ క్షణానికి ఆగుతుంది, అందుకే మనకి అది పనిచేసినట్టు అనిపిస్తుంది, కానీ తరచూ దెబ్బలు తినే పిల్లల్లో మొండితనం, ఎదుటివాళ్ళని కొట్టడం పెరుగుతాయని చాలాకాలంగా చేసిన పరిశోధనలు చెప్తున్నాయి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం అయితే 2018లో దెబ్బలు, కేకలు రెండూ వద్దని తల్లిదండ్రులకి చెప్పమని డాక్టర్లకి చెప్పింది. చెయ్యి లేస్తోంది అనిపించిన వెంటనే పాపని దెబ్బ తగలని చోట కూర్చోబెట్టి మీరు పక్క గదిలోకి వెళ్ళండి, తలుపు తీసే ఉంచి మొహం కడుక్కుని రండి. ఆ ఒకట్రెండు నిమిషాలు అది ఏడిస్తే ఏడవనివ్వండి, కోపంలో ఉన్న పెద్దమనిషి పక్కన ఉండటం కన్నా అది నయం. ఎంత కోపమొచ్చినా పట్టుకుని కుదపడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి, చిన్నపిల్లల మెదడుకి అది చాలా ప్రమాదం. ఇంకోటి, అది పడుకున్నాక మొహం చూస్తూ కూర్చుంటే దానికేం తెలుస్తుంది? మెలకువగా ఉన్నప్పుడే చెప్పండి, 'నాన్న అరిచాడు, కొట్టాడు, అది తప్పు, సారీ' అని. చిన్న మాటల్లో చెప్తే వాళ్ళకి అర్థమవుతుంది. దానికి ముందూ వెనకా 'నువ్వు అలా చేశావు కాబట్టి' అని తగిలించకండి.

'నాన్న వద్దు' అన్నప్పుడు మీకు గుండెలో కలుక్కుమని ఉంటుంది, నాకు తెలుసు. రోజంతా ఒళ్ళు హూనం చేసుకున్న మనిషికి సాయంత్రం వచ్చే సర్టిఫికెట్ అదా అని. కానీ పిల్లలు తమ చెత్త అంతా తీసుకొచ్చి పడేసేది, ఎంత ఏడ్చినా వెళ్ళిపోడు అని నమ్మకం ఉన్న మనిషి దగ్గరే. అది సగం కారణం. మిగతా సగం అంత తియ్యగా ఉండదు, చెప్తా వినండి. ఎనిమిదింటికి వచ్చిన అమ్మకి ఆ టైములో పాప తప్ప ఇంకో పని లేదు, మీకేమో పాపతో పాటు వంట, గిన్నెలు, బట్టలు, తుడవడం అన్నీ ఉన్నాయి. మీ చేతికి దొరికేది ఏడుపు, ఆవిడ చేతికి దొరికేది ఆట. పనుల పంపకమే అలా కుదిరింది, ఇందులో ఆవిడ తప్పు కూడా లేదు.

తప్పు ఎక్కడుందంటే, ఇంత పెద్ద ఉత్తరం నాకు రాశారు, అందులో మీ భార్యకి ఈ మాట చెప్పినట్టు ఒక్క ముక్క లేదు. 'ఇద్దరం అనుకునే తీసుకున్నాం' కాబట్టి ఇంక కష్టంగా ఉందని చెప్పే హక్కు లేదు అనుకుంటున్నారా? చెప్పండి. పాప పడుకున్నాక, సెలవు రోజు ముందు రాత్రి, తీరుబడిగా. 'కొంచెం హెల్ప్ చెయ్యి' అనొద్దు, హెల్ప్ అంటే పని మీదే, ఆవిడ చెయ్యేస్తుంది అంతే అవుతుంది. పనిని మొత్తంగా ఇవ్వండి. వారంలో ఒక పూట పాప పూర్తిగా ఆవిడది, తిండి, స్నానం, నిద్ర, ఏడుపులు అన్నీ, ఆ పూట మీరు ఇంట్లో ఉండకూడదు, ఫోన్ చేసి 'తిందా' అని అడగకూడదు. బట్టలు ఎక్కడున్నాయో కూడా చెప్పకండి, వెతుక్కుంటుంది. అలాగే వారంలో రెండు సాయంత్రాలు ఆవిడ ఇంటిపని చూసుకుంటుంది, ఆ గంట మీరు పాపతో ఆడుకుంటారు, ఊరికే ఆడుకోవడం, వేరే పని ఏమీ లేకుండా. మీకు పాపతో ఉండటం నచ్చుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది, ఇప్పటిదాకా మీరు పాపతో ఉన్నది ఎప్పుడూ ఇంకో పని చేస్తూనే.

తిండి గురించి తక్కువే చెప్తా. పుట్టినప్పటి బరువుకి ఏడాది నిండేసరికి మూడు రెట్లవుతారు, ఆ తర్వాత ఏడాదికి రెండు మూడు కిలోలే పెరుగుతారు, మరి ఆకలి తగ్గకుండా ఎలా ఉంటుంది. బరువు డాక్టరు చూసి బాగానే ఉంది అంటే ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది మీ ఇష్టం, ఎంత తినాలి అనేది దాని ఇష్టం. ఫోన్ తీసేస్తే నాలుగైదు రోజులు సరిగ్గా తినదు, మీరు ఆ నాలుగైదు రోజులు ఓర్చుకోవాలి, సగంలో జాలిపడి మళ్ళీ పెడితే ఏడిస్తే ఫోన్ వస్తుందని నేర్పినట్టవుతుంది. రెండేళ్ళ పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట దాటకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది అని నేను ఇందాక చెప్పిన ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. మీరు వంట చేసుకునేటప్పుడు ఒక అరగంట చూస్తే కొంపలేం మునిగిపోవు, తిండికి మాత్రం దాన్ని ముడిపెట్టకండి.

మాటల గురించి మీరు అడగలేదు కానీ 'నాన్న వద్దు, అమ్మ కావాలి' అని చక్కగా రెండేసి మాటలు కలుపుతోంది, రెండేళ్ళు దాటాక చూడాల్సింది అదే, ఆ విషయంలో దిగులు లేదు. వచ్చిన మాటలు పోవడం, పిలిస్తే పలకకపోవడం, ఏడుపులో తలని గోడకేసి గట్టిగా కొట్టుకుని గాయాలు చేసుకోవడం లాంటివి ఉంటే పిల్లల డాక్టర్ని కలవండి. మీరు కూడా. రెండు వారాలకి పైగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా, మిమ్మల్ని గానీ పాపని గానీ ఏదైనా చేసేస్తానేమో అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి, డిప్రెషన్ తండ్రులకి కూడా వస్తుంది, వాళ్ళు చెప్పుకోరు అంతే.

ఉద్యోగం మాటకొస్తే, చేరాలనుంటే చేరండి, మంచి డే కేర్‌లో పెట్టడం పాపని వదిలేసినట్టు కాదు, ఇంట్లో ఉండే తండ్రే గొప్ప తండ్రి అని కూడా ఏం లేదు. కానీ ఈ నెల మాత్రం ఆ నిర్ణయం వద్దు. ముందు పాప నిద్ర ఒక దారికి రానివ్వండి, మీకు వారానికి ఆ ఒక్క పూట దొరకనివ్వండి, ఓ నెల అలా గడిచాక కూడా పొద్దున లేవగానే ఇవాళ ఎలా గడుస్తుందిరా దేవుడా అనిపిస్తుంటే అప్పుడు రెజ్యూమె బయటికి తియ్యండి, ఇద్దరూ కూర్చుని డే కేర్లు చూడండి.