పెరటి బండల కోసం అత్యవసర నిధిని తవ్వకండి

ప్రశ్న: ఇంటి వెనుక ఖాళీ స్థలంలో రాతి బండలు పరిపించి, సాయంత్రాలు కూర్చునే చోటు చేసుకోవాలని మా కోరిక. మేస్త్రీ చెప్పిన ఖర్చు నా నాలుగు నెలల జీతమంత. బ్యాంకులో ఊరికే పడి ఉన్న మూడు నెలల జీతం తీసి, మిగిలింది క్రెడిట్ కార్డు మీద సర్దుదామనుకుంటున్నాను. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. ఇది సరైన ఆలోచనేనా?

జవాబు: కాదండీ. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది 'ఊరికే పడి ఉన్న' అన్న మాట. నాకు రాసేవారిలో చాలామంది ఇదే మాట వాడతారు. అత్యవసర నిధి పని చేస్తున్నట్టు పైకి కనిపించదు. అందుకే ఇంట్లో ఏ కోరిక పుట్టినా ముందు చేయి దాని మీదికే వెళ్తుంది. ఒక్కరి సంపాదన మీద నడిచే ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చులు విడిగా ఉండాలి. మీ దగ్గర ఉన్నదే తక్కువ, దాన్నీ ఊడ్చి పని మొదలుపెడతానంటున్నారు.

పైగా మేస్త్రీ లెక్క తవ్వకముందు వేసింది. జానెడు లోతు తవ్వి, కంకర పోసి దిమ్మిసతో గట్టిపరచాలి. దానిపై అంగుళం మందాన ఇసుక పరచాలి. ఇంటి గోడ నుంచి బయటికి మీటరుకు 2 సెంటీమీటర్ల వరకూ వాలు ఇవ్వాలి. మెత్తటి మట్టి తగిలితే ఇంకా లోతుకు వెళ్లాలి, కంకర పెరుగుతుంది. నీటి గొట్టం బయటపడితే దాన్నీ మార్చాలి. అప్పటికి పెరడంతా గొయ్యి, పని ఆపలేరు. చేతిలో డబ్బుండదు కాబట్టి మళ్లీ కార్డే గీకుతారు.

ఆ కార్డు మీద నెలకు 3 శాతం వడ్డీ అనుకుందాం. చిన్న అంకెలా వినిపిస్తుంది. కట్టకుండా వదిలేస్తే ఏడాదికి 42 శాతం దాటుతుంది, రెండేళ్లలో అప్పు రెట్టింపవుతుంది. కూర్చునే చోటు కోసం ఇంత వడ్డీ కడతారా? ఆసుపత్రి ఖర్చు వచ్చిన రోజున పరిచిన బండల్ని తిరిగి డబ్బుగా మార్చుకోలేరు. వ్యక్తిగత రుణం, బంగారం మీద అప్పు కార్డు కన్నా నయమే కావచ్చు గానీ, ఈ పనికి అవీ వద్దు.

మీరు బీమా ఊసే ఎత్తలేదు. కుటుంబమంతటికీ వైద్య బీమా, మీ పేరిట టర్మ్ బీమా (నిర్ణీత కాలంలో మీరు చనిపోతే కుటుంబానికి డబ్బు అందించే జీవిత బీమా) లేకపోతే ముందు అవి తీసుకోండి. నిధిని ఆరు నెలలకు చేర్చాక, బండల కోసం వేరే ఖాతాలో నెలనెలా కొంత వేయండి. సిమెంటు లేకుండా ఇసుక మీద పరిచే పద్ధతిలో పనిని విడతలుగా చేయించుకోవచ్చు. మట్టం, వాలు మాత్రం మొత్తం స్థలానికి ముందే గీయించండి. మొదట రెండు కుర్చీలు పట్టే మూల చాలు. ఒక వానాకాలం గడిస్తే నీళ్లు ఎటు పోతున్నాయో, ఏ బండ కుంగిందో తెలుస్తుంది.

మేస్త్రీకి ఇప్పటికే బయానా ఇచ్చి ఉంటే, తవ్వకం మొదలయ్యేలోగా మాట్లాడి ఆ మూలకు సరిపడా పనిగా మార్పించండి.