డిప్రెషన్ మాత్రలతో 9 కేజీలు పెరిగాను, ఆపేయొచ్చా డాక్టర్ గారూ?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, మాది కరీంనగర్. ఆరు నెలల కింద డిప్రెషన్ అని చెప్పి పొద్దున ఎస్సిటాలోప్రామ్ 10, నిద్ర పట్టట్లేదంటే రాత్రికి మిర్టాజపిన్ 15 రాశారు. ఇప్పుడు మనసు కుదుటపడింది, నిద్ర పడుతోంది, కానీ 56 కేజీలున్నదాన్ని 65కి వచ్చేశాను. జబ్బు రాకముందు 60 ఉండేదాన్ని. జాకెట్లు ఒక్కటీ పట్టట్లేదు. మా అత్తమ్మ "ఆ గోలీలే ఒళ్లు పెంచుతున్నయ్, బంద్ చెయ్" అంటున్నరు. పోయిన నెల నాలుగు రోజులు రెండూ ఆపేస్తే తల తిరగడం, తలలో కరెంట్ షాక్ కొట్టినట్టు జిల్లుమనడం, ఊరికే ఏడుపు రావడంతో భయపడి మళ్లీ మొదలుపెట్టాను. ఎప్పుడు ఆపొచ్చు? థైరాయిడ్ టెస్ట్ చేయించుకోవాలా?

జవాబు: మళ్లీ మొదలుపెట్టి మంచి పని చేశారమ్మా. ఆ నాలుగు రోజుల్లో మీకు వచ్చిన షాకులు, తల తిరగడం ఇవన్నీ మందు ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చేవే, చాలామంది వీటిని చూసి మందుకి అలవాటు పడిపోయామనుకుంటారు, అది నిజం కాదు, మత్తుమందుల్లాంటి వ్యసనం ఇందులో ఉండదు, కాకపోతే మెదడు ఆ మందుతో సర్దుకుని ఉంటుంది కాబట్టి తగ్గించేటప్పుడు మెల్లగా వారాల తరబడి తగ్గించాలి. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటి డిప్రెషన్ మందులు అయితే ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

ఇక బరువు సంగతి. మీరు 56 నుంచి లెక్కేస్తున్నారు, నేనైతే 60 నుంచి లెక్కేస్తాను. ఆ 56 మీ అసలు బరువు కాదు, తిండి సహించక, నిద్రలేక జబ్బులో చిక్కిపోయిన బరువు అది. అంటే 9 కేజీల్లో 4 కేజీలు మీరు కోలుకోవడం వల్ల తిరిగొచ్చినవి, మిగతా 5 కేజీల గురించే మనం మాట్లాడుకోవాలి. అలాగని దాన్ని తీసిపారేయను. మీ ఎత్తుకి 65 కేజీలంటే బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 26 దాటింది, మన భారతీయులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క, ఎందుకంటే మనకి పొట్ట దగ్గర కొవ్వు, షుగరు తక్కువ బరువులోనే మొదలవుతాయి. నడుము కొలత కూడా టేపుతో చూసుకోండి, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఆ 5 కేజీలు ఏ మందు వల్ల? నా అనుమానం రాత్రి మాత్ర మీద. మిర్టాజపిన్ నిద్ర తెప్పించేది మెదడులో మనల్ని మెలకువగా ఉంచే హిస్టమిన్ అనే రసాయనం పనిని అడ్డుకోవడం వల్ల, అదే అడ్డంకి ఆకలి కూడా పెంచుతుంది, దానికితోడు తిన్నది చాలు అనిపించే సెరటోనిన్ (మెదడులోని ఇంకో రసాయనం) సిగ్నల్ ఒకదాన్ని కూడా తగ్గిస్తుంది. అమెరికాలో ఆ మందు లేబుల్ మీదే రాసి ఉంటుంది, ట్రయల్స్‌లో ఆకలి పెరిగిందని చెప్పినవాళ్లు 100కి 17 మంది, పోల్చడానికి మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 2 మందే. ఈ మాత్ర వాడేవాళ్లని నేను తప్పకుండా అడిగే ప్రశ్న, రాత్రి మాత్ర వేసుకున్నాక నిద్ర పట్టేలోపు ఏం తింటున్నారు అని. చాలామంది కాసేపు ఆలోచించి, బిస్కెట్లు, మిక్చర్, ఫ్రిజ్‌లో మిగిలిన స్వీటు, ఒక్కోసారి మళ్లీ పెరుగన్నం అని చెబుతారు, రెండోసారి అన్నం తిన్నామనే సంగతి అడిగేదాకా వాళ్లకే గుర్తుండదు. మీరూ ఒకసారి గమనించండి. అది నోరు కట్టుకోలేకపోవడం కాదు, మందు తెప్పించే ఆకలి. ఇంట్లోవాళ్లకి కూడా ఈ మాట చెప్పండి.

ఎస్సిటాలోప్రామ్ వల్ల అయ్యే పెరుగుదల దీంతో పోలిస్తే తక్కువ. 2024లో అమెరికాలో 8 డిప్రెషన్ మందుల్ని లక్షా 80 వేల మందికి పైగా రికార్డుల్లో పోల్చి చూశారు, సెర్ట్రలిన్ వాడినవాళ్ల కంటే ఎస్సిటాలోప్రామ్ వాడినవాళ్లు ఆరు నెలలకి సగటున అర కేజీ లోపే ఎక్కువ పెరిగారు, బ్యుప్రోపియాన్ వాడినవాళ్లు మాత్రం సెర్ట్రలిన్ వాళ్ల కంటే కాస్త తక్కువ పెరిగారు. సగటు అంటే అందరికీ అంతే అని కాదు, కొందరికి అస్సలు పెరగదు, కొందరికి అయిదారు కేజీలు పెరుగుతుంది, అందుకే పక్కింటావిడ అనుభవం మీకు కొలమానం కాదు. ఇంకోవైపు ఫ్లూఆక్సెటిన్ మొదలుపెట్టిన కొత్తలో ఆకలి చచ్చిపోయి బరువు తగ్గేవాళ్లూ ఉన్నారు.

కాబట్టి బరువు గురించి మీ డాక్టర్‌తో గట్టిగా మాట్లాడండి, సిగ్గుపడకండి. "మనసు బాగైంది కదా, బరువుదేముందిలే" అని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే బరువు భయంతో మందు మానేసి మళ్లీ డిప్రెషన్‌లో పడినవాళ్లని ఎంతోమందిని చూస్తుంటాం. నిద్ర బాగా పడుతోంది కాబట్టి మిర్టాజపిన్‌ని మెల్లగా తగ్గించి ఆపి ఎస్సిటాలోప్రామ్ ఒక్కటే కొనసాగించొచ్చా అని సూటిగా అడగండి. మీ కేసులో నేనైతే ముందు ఆలోచించేది అదే, కానీ మొదట్లో మీ డిప్రెషన్ ఎంత తీవ్రంగా ఉందో చూసిన డాక్టర్ ఆయన, నిర్ణయం ఆయనది, మీది. బ్యుప్రోపియాన్‌కి మార్చే దారి కూడా ఉంది, అయితే ఫిట్స్ వచ్చినవాళ్లకి, తిని కక్కేసే అలవాటున్నవాళ్లకి అది పనికిరాదు.

థైరాయిడ్ టెస్ట్ తప్పకుండా చేయించండి. థైరాయిడ్ తగ్గితే నీరసం, దిగులు, బరువు పెరగడం మూడూ వస్తాయి, అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్షతో పాటు పరగడుపున షుగరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), కొలెస్ట్రాల్ కూడా చూపించండి. అత్తమ్మ గారు ఒళ్లు పెరుగుతోంది అంటున్నారు కదా, అది నీరేమో అని కూడా చూడాలి, పాదం పైన వేలితో నొక్కితే గుంట పడుతుంటే అది బరువు పెరగడం కాదు, వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

తిండి విషయంలో పెద్ద డైట్‌లేం వద్దు, డిప్రెషన్ నుంచి లేస్తున్న మనిషికి కడుపు మాడ్చుకోవడం ఇంకో భారం. రాత్రి అన్నం ఒక్క గరిటె తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచండి, భోజనం మాత్రకి ముందే అయిపోవాలి, మాత్ర వేసుకున్నాక పది పదిహేను నిమిషాల్లో పడుకునేలా టైం పెట్టుకోండి, బిస్కెట్ డబ్బా ఇంట్లో లేకుండా చూసుకోండి. అయినా ఆకలేస్తే మజ్జిగ, వేయించిన శనగలు. రోజూ అరగంట నడవండి, అది బరువు కంటే మనసుకే ఎక్కువ పనికొస్తుంది. వారానికి ఒక్కసారే, అదే మెషిన్ మీద, పొద్దున లేవగానే బరువు చూసి రాసుకోండి, ఆ కాగితం డాక్టర్‌కి చూపిస్తే ఆయన పని సులువవుతుంది.

ఆన్‌లైన్‌లో దొరికే స్లిమ్మింగ్ పౌడర్లు, క్యాప్సూళ్ల జోలికి మాత్రం పోకండి, కొన్నిట్లో మన దేశంలో నిషేధించిన సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు కలిపి అమ్ముతుంటారు, మీరు వాడే మందుతో అది కలిస్తే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు.

ఎప్పుడు ఆపొచ్చు అన్నారు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కి, పూర్తిగా బాగయ్యాక కూడా ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటాం, ఆ లెక్క మందు మొదలుపెట్టిన రోజు నుంచి కాదు, బాగైన రోజు నుంచి. ఈలోపు మళ్లీ ఏడుపు, చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ అది, రాత్రీ పగలూ ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.