పాస్‌వర్డ్ రూల్స్ రాస్తున్న బిడ్డకు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

మడికొండ ఆఫీసు నుంచి నువ్వు వాట్సాప్‌ల పంపిన పాస్‌వర్డ్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (రాసిన అక్షరాల ఆకారం సరిపోయిందా అని చూసే కోడ్) చూసిన. క్యాపిటల్ లెటర్, స్మాల్ లెటర్, నంబర్, స్పెషల్ క్యారెక్టర్, 8కి తగ్గొద్దు, 12 దాటొద్దు. అన్నీ ఒక్క లైన్ల ఇరికించినవ్. పనిచేస్తది. అయినా అట్లనే పెట్టకు.

నువ్వు సరిగ్గ పట్టుకున్న సంగతి ముందుగాల చెప్త. (?=.*[0-9]) అన్న ముక్క, అంటే ముందట ఎక్కడన్న నంబర్ ఉన్నదా అని చూసే లుక్‌అహెడ్, అక్షరాలను మింగదు. గడప బయట నిలబడి లోపలికి తొంగి చూసినట్టు చూస్తది, కాలు మాత్రం గడప దాటదు. అందుకే నాలుగు షరతులు వరుసగ పెట్టినా నంబర్ ముందొచ్చిందా వెనకొచ్చిందా అన్న పేచీ లేదు. ఈ లుక్‌అహెడ్ అన్ని ప్రోగ్రామింగ్ భాషలల్ల దొరకదు. గో భాషతోని వచ్చే లైబ్రరీల (రెడీమేడ్ కోడ్‌ల) ఇది లేనే లేదు.

అసలు మాట ఇది: ఆ లైన్‌ను విడగొట్టు. ఒక్కో షరతుకు ఒక్కో చిన్న పరీక్ష, దేంట్ల తప్పు పడ్డదో చెప్పే ఒక్కో మెసేజ్. ఎందుకంటున్ననో విను. శానా ఏండ్ల కింద పత్తి కొనుగోలు లెక్కల సాఫ్ట్‌వేర్‌కు లాగిన్ పేజీ నేనే రాసిన. సీజన్ల చూద్దామని పోయిన. కౌంటర్ల గుమాస్తా పాస్‌వర్డ్ పెడుతుంటే నా పేజీ 'చెల్లదు' అన్న ఒక్క ముక్కే చూపిస్తున్నది. ఏం చెల్లదో చెప్పదు. వెనక తక్‌పట్టీల (పత్తి అమ్మిన లెక్క చీటీల) కోసం రైతులు నిలబడి ఉన్నరు. ఐదోసారికి ఆయన ఇంగ్లిష్‌ల వరంగల్@123 కొట్టిండు, మొదటి అక్షరం క్యాపిటల్. నా షరతులన్నీ దాటింది. పెన్ను తీసి ఖాతా పుస్తకం అట్ట మీద రాసుకున్నడు. పక్క కౌంటరాయన కూడ అదే పెట్టిండు. వాళ్లది తప్పు కాదు బిడ్డా, నేను రాసిన రూల్సే వాళ్లకు ఆ దారి చూపినయి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు పాస్‌వర్డ్ ఆకారమే కనిపిస్తది, బలం కనిపించదు.

ఈ రూల్స్‌కు మూలమైన పత్రాన్ని 2003ల అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తరఫున బిల్ బర్ రాసిండు. రాసినదాంట్ల శానామటుకు తప్పని 2017ల ఆయనే బాధపడ్డడు. అదే ఏడు నిస్ట్ కూడ మార్చుకున్నది: క్యాపిటల్, నంబర్ కలపాలని పట్టుబట్టొద్దు, కనీసం 8 అక్షరాలు ఉండాలె, 64 దాక పెట్టుకోనియ్యాలె, ఇప్పటికే లీకైన పాస్‌వర్డ్‌ల జాబితల ఉంటే వద్దనాలె. 2025 సవరణల, ఓటీపీ లాంటి రెండో తాళం లేకపోతే కనీసం 15 అక్షరాలు తప్పనిసరి చేసింది. అందుకే నీ 12 హద్దు ఇయ్యాల్నే తీసెయ్. స్పేస్ కూడ ఒప్పుకో. నాలుగైదు మాటలు కలిపి రాసుకునేటోళ్లకు అదే సులువు. నిడివి చూడనీకి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అక్కర్లేదు, మామూలు లెక్క చాలు. జాబిత పరీక్ష మాత్రం మర్వకు. వరంగల్@123 లాంటి అందరికి తట్టే పాస్‌వర్డ్‌లను పట్టుకునేది అదే.

క్లయింట్ పాత రూల్సే కావాలంటే, కాగితం మీద రాయించుకొని చెయ్. అప్పుడు జాగ్రత్త. సర్వర్ల వాడే పైథాన్ భాషల, 'ఏదన్న అంకె' అనేటందుకు బ్యాక్‌స్లాష్ డి (\d) రాస్తే ౧, ౨, ౩ లాంటి తెలుగు అంకెలు కూడ పాసైతయి, బ్రౌజర్ల నడిచే జావాస్క్రిప్ట్‌ల కావు. బ్రౌజర్ ఒకటంటది, సర్వర్ ఇంకోటంటది. రెండు దిక్కుల [0-9] రాయి. క్యాపిటల్ ఏ నుంచి స్మాల్ జెడ్ దాక [A-z] అని ఒక్క గీతతోని కలిపితే నడుమ ఆరు గుర్తులు దూరుతయి. బ్రాకెట్ల హైఫన్‌ను చివరికి పెట్టు, లేకుంటే అది 'నుంచి, దాక' అయితది.

మనోళ్లు తెలుగుల పాస్‌వర్డ్ పెడ్తే ఏమైతదో కూడ చూడు. అక్షరాలను కంప్యూటర్ల దాచే యూటీఎఫ్-8 పద్ధతిల ఒక్కో తెలుగు కోడ్‌కు (అక్షరానికో, గుర్తుకో ఇచ్చిన నంబర్‌కు) మూడు బైట్లు. మన కంటికి ఒక్కటిగ కనిపించే 'క్ష' మూడు కోడ్‌లు, అంటే 9 బైట్లు. పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టరాకుండ మార్చి దాచే బీక్రిప్ట్ 72 బైట్ల కాడ ఆగుతది, అంటే 24 తెలుగు కోడ్‌లకే అయిపోతది. ఆ తర్వాతది కొన్ని లైబ్రరీలు చెప్పకుండనే వదిలేస్తయి, కొన్ని ఎర్రర్ ఇస్తయి. మీదేం చేస్తదో కొట్టి చూడు.

అన్నీ మార్చినంక మీ ఆఫీసుల రిసెప్షన్ కాడ కూసునేటామెతోని ఒక పాస్‌వర్డ్ పెట్టించు. పక్కన నిలబడు, ఒక్క మాట సాయం చెయ్యకు. ఆమె ఎక్కడ ఆగిందో రాసుకొని నాకు పంపు.

మీ పెద్దమ్మ