ఫారం నింపడం చివరి పూట నేర్పినా సరిపోతుంది

"ఒక మెడికల్ కాలేజీ వాళ్ళు ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) పరిశోధనలో మా గ్రామైక్య సంఘాన్ని భాగస్వామిగా చేరమంటున్నారు. మాలో సగం మంది చదువుకోలేదు. రెండు రోజుల ట్రైనింగ్‌లో ఏం నేర్పాలి?" అని ఒక సంఘం వాళ్ళు అడిగారు. నేను నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు మహిళా సంఘాలతో పనిచేశాను. ముందు నేర్పాల్సింది, వచ్చినవాళ్ళను ప్రశ్నలు అడగడం.

మొదటిసారి మేం ఆ పని చేయలేదు. ఒక బృందం వచ్చి పిల్లల పళ్ళ ఫొటోలు తీసుకుంది, సీసాల్లో నీళ్ళు, మూత్రం పట్టుకుపోయింది. ఇల్లిల్లూ తిరిగి జనాన్ని పిలుచుకొచ్చింది మేమే. ఫలితం చెప్పడానికి మళ్ళీ ఎవరూ రాలేదు. ఏడాది తర్వాత నడుం వంగిపోయిన ఒక పెద్దమ్మ గోడ పట్టుకుని నిలబడి, "సీసలు పట్టుకపోయిండ్రు గదా బిడ్డా, అండ్ల ఏమొచ్చిందో చెప్పకపోతిరి" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే తర్వాత మొదటి పూటంతా ప్రశ్నలకే ఇచ్చాం. డబ్బు ఎవరిస్తున్నారు? పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా? శాంపిళ్ళు ఎక్కడ, ఎన్నాళ్ళు ఉంచుతారు? పరీక్షలో ఎవరికైనా జబ్బు బయటపడితే వైద్యం ఎవరు చూస్తారు? ఫలితం ఊరికి ఏ నెలలో చెప్తారు? చదువు రాని వాళ్ళకూ ఇవి నోటికొచ్చేదాకా చెప్పించాం.

రెండో పూట సమ్మతి. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు జరిగినప్పుడు ఆడపిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. అది చెప్తే అందరికీ వెంటనే అర్థమైంది. సర్పంచి ఒప్పుకున్నా, సంఘం తీర్మానం చేసినా, ఎవరి సమ్మతి వాళ్ళదే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలూ అదే చెప్తున్నాయి. చదువు రాని వాళ్ళు వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. "నాకు వద్దు" అనే ఇంటామె వేషం ఒకరికిచ్చి ప్రాక్టీసు చేయించండి. మా వాళ్ళు మొదట బతిమాలారు. బతిమాలకుండా "సరే అక్కా" అని లేచి రావడం నేర్పడానికే ఎక్కువ సేపు పట్టింది.

కాలేజీ వాళ్ళనూ ఆ ట్రైనింగ్‌లో కూర్చోబెట్టండి, వాళ్ళు నేర్చుకోవాల్సిందీ ఉంటుంది. మాకిచ్చిన ఫారంలో "ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నారు" అని ఒకటే ప్రశ్న ఉంది. ఒకామె తన పళ్ళ మీది గోధుమరంగు చారలు చూపించి, "ఇవి ఈ ఊరి నీళ్ళయి గావు సారూ, మా తల్లిగారూరియి" అంది. నిజమే, పంటి మీద మచ్చ పడేది చిన్నప్పుడు, పళ్ళు తయారయ్యే వయసులో తాగిన నీళ్ళ వల్ల. పైగా ఇప్పుడు ఇంటింటికీ మిషన్ భగీరథ నల్లా ఉంది. ఇవాళ్టి నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి లోపే ఉందని తేలినా, ముప్పై ఏళ్ళు బోరింగు నీళ్ళు తాగిన ఎముకల సంగతి దాంతో తెలియదు. పుట్టిన ఊరు, పెళ్ళయిన ఏడాది, తాగిన బోర్లు, ఇవన్నీ ఫారంలో చేరాయి. ఆ లెక్క సంఘం ఆడవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

గోప్యత విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఫలానా ఇంటి పిల్లకు ఫ్లోరైడ్ ఉందట అని బయటికొస్తే సంబంధాలు ఆగిపోతాయి. ఎవరి వాడలో వాళ్ళు సర్వే చేయకుండా పక్క వాడకు పంపండి.

రెండు రోజులు వరుసగా పెట్టొద్దు, వారానికొక పూట చొప్పున నాలుగు పూటలు అడగండి. పత్తి ఏరే రోజులైతే అసలే వద్దు. వచ్చిన వాళ్ళకు ఆ రోజు కైకిలి పోతుంది కాబట్టి ఆ డబ్బు ప్రాజెక్టు బడ్జెట్‌లోనే పెట్టించండి, సంఘం ఖాతాలో వేయించండి. ఫలితాలు చెప్పే గ్రామసభ ఏ నెలలో అన్నది ఒప్పందంలో రాయించాకే సంతకం చేయండి.